చలి వారానికి సామాను: సూదులు, ఊలు, వ్యాసపీఠం, ఉలవల గిన్నె

ధనుర్మాసం చివర్లో ఒక వారం ఇల్లు కదలకుండా, ఊలు అల్లుకుంటూ, చదువుకుంటూ, పొయ్యి మీద ఏదో ఒకటి మరగనిస్తూ గడపాలంటే కావలసినవి నాలుగే వస్తువులు. సూదులు, ఊలు, పుస్తకం నిలబెట్టే పీఠం, అడుగు మందంగా ఉన్న గిన్నె. వీటిలో డబ్బు దేనిమీద పెట్టాలో, దేనిమీద పెట్టనక్కర్లేదో చెప్పడానికే ఈ సమీక్ష. సూదుల మీద ధారాళంగా పెట్టండి, ఊలు మీద చెయ్యి బిగబట్టండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మెరినో ఊలు మోజుపడి తెచ్చుకుని, దొరికిన సూదితో అల్లుతారు. సంక్రాంతి వెళ్లేసరికి ఆ సంచీ అటకెక్కుతుంది.

మన చలి తీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి. లంబసింగిలోనో, ఆదిలాబాద్ వైపు పల్లెల్లోనో అయితే సరే, కొన్ని తెల్లవారుజాములు ఒంటి అంకెకు దిగుతాయి. హైదరాబాదులో అదే సమయానికి సాధారణంగా 14, 15 డిగ్రీలు, గట్టిగా పడితే 10 దగ్గర. పదకొండు గంటలకల్లా ఎండ చుర్రుమంటుంది. కోస్తాలో ఆ మాత్రం చలీ ఉండదు, పైగా గాలిలో తేమ. అందుకని నిండు చేతుల స్వెటరు మన ఊళ్లలో ఎక్కువమందికి ఏడాదికి పది పూటలు కూడా పనికిరాదు. చెవులు మూసే టోపీ, మెడకు మఫ్లరు, వీటికి మాత్రం రెండు నెలలు పని ఉంటుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉండే మనవాళ్ల సంగతి వేరు. వాళ్లకు అసలు గొర్రె ఊలే కావాలి, కింద ఊలు గురించి చెప్పిన పొదుపు మాటలు వాళ్లకు వర్తించవు.

సూదులు

సూదుల నంబరు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మన కొట్లలో ‘ఎనిమిదో నంబరు’ అంటే పాత ఇంగ్లండు కొలత, 4 మిల్లీమీటర్లు. పదో నంబరు 3.25, పన్నెండో నంబరు 2.75. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్క దీనికి ఎదురు. అక్కడ ఎనిమిది అంటే 5 మి.మీ., పది అంటే 6. యూట్యూబులో అమెరికా ఆవిడ ‘సైజు ఎనిమిది’ అంటుంది, మనం కొట్టుకెళ్లి ఎనిమిదో నంబరు తెచ్చుకుంటాం, టోపీ నిమ్మకాయకు సరిపోయేలా వస్తుంది. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన సూదుల విషయంలో ఇదే గొడవ తిరగబడి వస్తుంది. కాబట్టి నంబరు అడగొద్దు, మిల్లీమీటర్లు అడగండి. కన్నాలున్న కొలత అట్ట ఒకటి దొరుకుతుంది, అది కొనండి. సూది ఏ కన్నంలో వదులు లేకుండా దూరితే అదే దాని సైజు. తల మీద అంకె అరిగిపోయిన పాత సూదులకు ఇదొక్కటే దారి.

మన దగ్గర ఊలు కొట్టు ఎక్కడున్నా ముందు చేతికిచ్చేది అల్యూమినియం సూదుల జత. ‘పోనీ’ (Pony) అనే బ్రాండువి నీలగిరుల్లోని కెట్టిలో ఉన్న నీడిల్ ఇండస్ట్రీస్ సరుకు. ఆ కంపెనీ 1949 నుంచీ ఉంది, చాలా ఇళ్లలో అమ్మమ్మల డబ్బాల్లో ఉన్నవీ ఇవే. 35 సెంటీమీటర్ల పొడవు, చివర బొడిపె. తేలిక, చవక, వంగినా మళ్లీ సరిచేసుకోవచ్చు. మఫ్లరుకు ఇవి చాలు. కానీ పొడుగు అల్యూమినియం సూదులకు మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది, చలి పొద్దున చేతికి చల్లగా తగులుతాయి, వేళ్లు కొంకర్లు పోయేవాళ్లకు మొదటి పది నిమిషాలు నరకం. రెండోది చప్పుడు. అందరూ నిద్రపోతున్న ఇంట్లో తెల్లవారుజామున టిక్కుటిక్కుమంటుంటే తిట్లు ఖాయం. మూడోది అసలైనది, అల్లిన బరువంతా సూది కొసల మీద వేలాడుతుంది, కాబట్టి మఫ్లరు సగం దాటాక మణికట్లు లాగుతాయి. మోచేతులు కుర్చీ చేతులకు తగులుతాయి, కింద కూర్చుని అల్లితే మోకాళ్లకు.

ఈ మూడూ తప్పించుకోవడానికే తీగ సూది, అదే సర్క్యులర్. రెండు పొట్టి సూదుల మధ్య నైలాన్ తీగ. బరువు ఒళ్లో కూర్చుంటుంది, చేతుల మీద పడదు. దీంతో గుండ్రంగానే కాదు, అటూ ఇటూ తిప్పుకుంటూ మామూలు మఫ్లరు కూడా అల్లొచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది జత సూదులూ, తీగ సూదీ రెండూ కొంటారు. తీగ సూదే చాలు. 40, 60, 80, 100 సెంటీమీటర్లలో దొరుకుతుంది. టోపీకి 40 సరిపోతుంది, కానీ నడినెత్తి దగ్గర కుట్లు తగ్గిపోయాక 40 మీద సాగవు. 80 గానీ 100 గానీ తీసుకుని తీగను మధ్యలో ఉచ్చులా లాగి అల్లితే మొదటి నుంచి చివరిదాకా ఒకే పొడవు తీగతో అయిపోతుంది.

కొట్లో చూడవలసింది తీగా సూదీ కలిసే అతుకు. గోటి కొసతో దాని మీద అటూ ఇటూ గీరండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే రేపు ఊలు కూడా అక్కడే తట్టుకుంటుంది, ప్రతి చుట్టులో వంద కుట్లు బలవంతంగా తోయాలి. ప్యాకెట్లో చుట్టి ఉన్న తీగ పాములా మెలికలు తిరుగుతుంటే భయం లేదు, ఒక నిమిషం వేడినీళ్లలో ముంచి, లాగి పట్టుకుంటే సాఫీ అవుతుంది.

కొత్తవాళ్లకు చెక్క లేదా వెదురు సూది. ఎందుకంటే మనం కొనబోయేది అక్రిలిక్ ఊలు, అది జారుడు. అల్యూమినియం మీద అక్రిలిక్ అంటే నూనె రాసిన గచ్చు మీద నడిచినట్టు, ఒక కుట్టు జారిందంటే పక్కవి కూడా దారి పడతాయి. చెక్క కొద్దిగా పట్టి ఉంచుతుంది. చేతికి చల్లగా ఉండదు, చప్పుడుండదు. నిట్‌ప్రో వాళ్ల రంగురంగుల పొరల చెక్క సూదులు మన దేశపు సరుకే, అమెరికాలో నిటర్స్ ప్రైడ్ పేరుతో అమ్ముతారు. అతుకులు నునుపు, మొన తగినంత వాడి. అల్యూమినియం జతతో పోలిస్తే ఖరీదు చాలా ఎక్కువే, అయినా ఈ మొత్తం జాబితాలో డబ్బు పెట్టదగ్గది ఇదే. చెక్కలో 3 మి.మీ. కంటే సన్నవి మాత్రం వద్దు, సోఫాలో వాటి మీద కూర్చుంటే రెండు ముక్కలు.

మొనలు మార్చుకునే సెట్లు ఊరిస్తాయి. ఒక వారానికి అక్కర్లేదు. కొన్నా, మర బిగించేటప్పుడు తీగ కన్నంలో ఇచ్చిన చిన్న తాళం పుల్ల పెట్టి తిప్పాలి. ఉత్త వేళ్లతో తిప్పితే నాలుగు చుట్లకు మర వదులై, ఆ సందులో ఊలు ఇరుక్కుంటుంది. అక్కడ తెగిందా, టోపీ మధ్యలో ముడి.

నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. అక్కడి లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ అది కొక్కెం సూదితో, నూలు దారంతో చేసే క్రోషే పని. ఒకసారికి ఒకే కుట్టు సూది మీద ఉంటుంది. నిటింగులో వంద కుట్లూ సూది మీదే ఉంటాయి. లేసు చేసిన చేతికి దారం బిగువు పట్టడం ముందే వచ్చు, అదొక లాభం. లేసు బిగువుతోనే ఊలు అల్లితే మాత్రం సూది దూరదు. ఇంట్లో ఉన్న లేసు సూది పారేయకండి, జారిన కుట్టును కింది వరస నుంచి పైకి ఎక్కించడానికి దాన్ని మించిన పనిముట్టు లేదు. సన్న లేసు సూది కాదు, 3 మి.మీ. దగ్గరిది.

ఊలు

కొట్లో ‘ఊలు’ అని అడిగితే మీ చేతికొచ్చేది చాలావరకు గొర్రె ఊలు కాదు, అక్రిలిక్. లుధియానా సరుకు. వర్ధమాన్, గంగా, ఓస్వాల్, ఈ పేర్లే కనిపిస్తాయి. అందులో తప్పేమీ లేదు, మన చలికి అక్రిలిక్ చాలు. ఉతకడం సులువు, పురుగు పట్టదు, గుచ్చుకోదు, రంగులు బోలెడు. దాని లోపం, చెమట పీల్చదు. గొర్రె ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను తడి తెలియకుండా తాగుతుంది. అక్రిలిక్ తాగేది ఒకటి రెండు శాతమే. విశాఖలో అక్రిలిక్ మంకీ క్యాప్ పెట్టుకుని పొద్దున నడకకు వెళ్తే ఇంటికొచ్చేసరికి తల తడి. అక్కడివాళ్లకు నూలు కలిసిన అక్రిలిక్ మంచిది. వట్టి నూలైతే బరువు, సాగి మళ్లీ బిగిసే గుణం లేదు, టోపీ అంచు నెలకే వదులై కళ్ల మీదికి దిగుతుంది.

‘ప్యూర్ ఊల్’ అని అమ్మేవాడు ఎంత నమ్మకంగా చెప్పినా, అరంగుళం పోగు తెంపి, స్టీలు సింకులో పెట్టి, చిమటాతో పట్టుకుని కాల్చి చూడండి. గొర్రె ఊలైతే వెంట్రుక కాలిన వాసన, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలింది నలిపితే బూడిద. అక్రిలిక్ అయితే నల్లటి పొగతో ఆగకుండా మండి, చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఇదే కారణంగా అక్రిలిక్ అల్లికను పొయ్యి పక్కన పెట్టుకుని చేయకూడదు. నిప్పు తగిలితే అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చలిమంట దగ్గర కూడా అక్రిలిక్ మఫ్లరు కొసలు వేలాడనివ్వొద్దు.

మన నేల ఊలు మాటేమిటి అని అడగొచ్చు. దక్కనీ గొర్రెల నల్ల ఊలుతో తెలంగాణలో కురుమలు గొంగడి నేస్తారు, చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు. వానకూ, చలికీ, పడుకోవడానికీ అంతకు మించింది లేదు. కానీ ఆ పోగు ముతక. మెడకు మఫ్లరుగా అల్లితే గంటలో ఎర్రగా కందుతుంది. గొంగడి గొంగడిగానే కొనుక్కోండి, దాని మీద కూర్చుని అక్రిలిక్ అల్లుకోండి.

కొనేటప్పుడు రెండే విషయాలు. లేబులు మీద రంగు పేరు పక్కన లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే అంకె) ఉంటుంది, ఉండలన్నీ ఒకే లాట్‌వి తీసుకోండి. కొట్టు దీపం కింద ఒకేలా కనిపించే రెండు లాట్లు ఎండలో చూస్తే మఫ్లరుకు అడ్డంగా గీతలా తేలతాయి. రెండోది, ముదురు రంగు వద్దు. నలుపు, నీలం మీద రాత్రి దీపం కింద కుట్లు కనిపించవు, చదువుతూ అల్లేవాళ్లకు అసలే పనికిరావు. లేత ఆకుపచ్చ, గంధం, గులాబీ, ఇలాంటివి చూడండి. ఊలు ఉండగా కాక చిలపగా (పొడుగాటి వదులు చుట్టగా) అమ్మితే కొట్లోనే ఉండ చుట్టించుకోండి, లేదా ఇంట్లో ఒకరి మోకాళ్లకు తగిలించి చుట్టుకోండి. చిలప నుంచి తిన్నగా అల్లడం మొదలుపెడితే పది నిమిషాల్లో జడ చిక్కు. బిగించి చుట్టొద్దు. సాగదీసి చుట్టిన పోగుతో అల్లితే, ఉతికాక టోపీ ముడుచుకుంటుంది.

వారంలో అవుతుందా?

ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పాలి. కొత్త చెయ్యి నిమిషానికి 20 కుట్లు వేస్తుంది, అలవాటైన చెయ్యి 40. సాధారణ మందం ఊలు, 4 మి.మీ. సూది, 25 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల పొడవు మఫ్లరు అంటే వరసకు 55 కుట్లు, 630 వరసలు, దగ్గర దగ్గర 35,000 కుట్లు. కొత్త చేతికి 29 గంటలు. వారంలో అవదు, ఆరో రోజుకు విసుగొస్తుంది. అదే మందపాటి ఊలు, 5 మి.మీ. సూది, 20 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవు అయితే 36 కుట్లు, 476 వరసలు, 17,000 చిల్లర. రోజుకు రెండు గంటలు కూర్చుంటే వారం దాటి ఒక రాత్రి. టోపీ అయితే 6,000 కుట్లే, ఐదు గంటల పని. మొదటి వారానికి టోపీయే సరైనది. స్వెటరు ఊసెత్తకండి.

టోపీకి ఊలు 60 గ్రాములు పడుతుంది, 100 కొనండి. 4 మి.మీ. సూదితో 30 కుట్లు ఎక్కించి, అరచేయంత ముక్క అల్లి, అంచులు వదిలేసి మధ్యలో కొలవండి. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలి. 24 వస్తే సూది ఒక సైజు లావుది తీసుకోండి, 20 వస్తే సన్నది. ‘చెయ్యి వదులు చేస్తాలే’ అనుకోవద్దు. చెయ్యి మాట వినదు, సూది వింటుంది.

104 కుట్లు ఎక్కించండి. ఎక్కించడానికి మాత్రం 4.5 సూది వాడి, తర్వాత 3.25కి మారండి. ఎక్కించిన వరస బిగుతైతే టోపీ ఎంత చక్కగా వచ్చినా తలకు దిగదు, నుదుటి మీద తాడు కట్టినట్టు గీత. చుట్టు కలిపే ముందు సూదిని బల్ల మీద పరిచి, ఎక్కించిన అంచంతా లోపలి వైపే ఉందో లేదో వేలితో తడిమి చూడండి. ఒక్క మెలిక పడినా రెండు చుట్లలోపు కనిపెట్టకపోతే విప్పడం తప్ప మార్గం లేదు. కలిపిన చోట వేరే రంగు పోగు ముడి ఒకటి తగిలించండి, చుట్టు మొదలు అదే. రెండు నిట్ (పోగు వెనక ఉంచి వేసే సూటి కుట్టు), రెండు పర్ల్ (పోగు ముందు ఉంచి వేసే తిరగ కుట్టు) చొప్పున 5 సెంటీమీటర్ల పట్టీ, దీన్నే రిబ్ అంటారు. ఆపైన 4 మి.మీ. సూదికి మారి ఉత్త నిట్, అంచు నుంచి 15 సెంటీమీటర్లు వచ్చేదాకా.

ఇప్పుడు నెత్తి. 11 నిట్, రెండు కలిపి ఒకటి, ఇలా చుట్టంతా ఎనిమిదిసార్లు. తర్వాత చుట్టు మామూలుగా. ఆ తర్వాత 10 నిట్, రెండు కలిపి ఒకటి. మళ్లీ మామూలు చుట్టు. ఇలా 56 కుట్లు మిగిలేదాకా ఒక చుట్టు విడిచి ఒక చుట్టు తగ్గించాలి. 56 తర్వాత విడవకుండా ప్రతి చుట్టూ తగ్గిస్తే ఆరు చుట్లలో 8 కుట్లు మిగులుతాయి. ఊలు ఒక జానెడు వదిలి తెంపి, దబ్బనంతో ఎనిమిదింటిలోంచీ లాగి, లోపల ముడి. మొత్తం ఎత్తు 21 సెంటీమీటర్ల దాకా వస్తుంది, 52 నుంచి 56 సెంటీమీటర్ల తలకు సరిపోతుంది. 56 తర్వాత కూడా చుట్టు విడిచి చుట్టు తగ్గిస్తూ పోతే నెత్తి మీద శిఖరం లేస్తుంది, పిల్లలకైతే ముద్దు, పెద్దలకు బాగుండదు.

మఫ్లరే కావాలనుకునేవాళ్లకు ఎక్కువగా వచ్చే తంటా, 36 కుట్లు కాస్తా నలభై రెండై మఫ్లరు లంగాలా వెడల్పవడం. ఎక్కువసార్లు కారణం ఇదే. వరస తిప్పినప్పుడు పోగు సూది మీదుగా వెనక్కి పడి, మొదటి కుట్టు రెండు కాళ్లుగా సాగి రెండు కుట్లలా కనిపిస్తుంది. రెండింటినీ అల్లేస్తారు. తిప్పగానే పోగును కిందికి లాగి చూసుకుంటే ఆ భ్రమ పోతుంది. పది వరసలకొకసారి లెక్కపెట్టండి.

అయ్యాక ఇస్త్రీ పెట్టొద్దు. అక్రిలిక్‌కు ఇస్త్రీ తగిలితే సాగే గుణం చచ్చి, తడి కాగితంలా వేలాడుతుంది, అది మళ్లీ తిరిగి రాదు. తడిపి, తువ్వాలులో చుట్టి పిండి, ఒక బోర్లించిన గిన్నె మీద ఆరేస్తే టోపీకి ఆకారం కుదురుతుంది. గొర్రె ఊలైతే చల్లటి నీళ్లే. వేడినీళ్లలో రుద్దితే బొంతలా ముడుచుకుపోయి బొమ్మ టోపీ అవుతుంది.

చదవడానికి: వ్యాసపీఠం

రెండు చేతులూ సూదులతో ఉంటే పుస్తకం పట్టేదెవరు? ఈ పనికి పారాయణం చేసే ఇళ్లలో వ్యాసపీఠం ఎప్పటినుంచో ఉంది. ఒకే చెక్కలోంచి కోసి, కత్తెరలా విప్పేది. కింద చాప మీద కూర్చుని చదవడానికి దాని ఎత్తు సరిగ్గా ఉంటుంది, బల్ల మీద పెడితే మెడ వంచాలి, అప్పుడు కింద రెండు లావు పుస్తకాలు పెట్టాలి. భారతమో నిఘంటువో అయితే రాయిలా కూర్చుంటుంది. రెండు వందల పేజీల జిగురు బైండింగు పుస్తకం మాత్రం నిలవదు, పావు నిమిషంలో మూసుకుంటుంది. కొత్త పుస్తకాన్ని మధ్యకు విరవొద్దు, జిగురు పగిలి పేజీలు చేతికొస్తాయి. వెన్ను బల్ల మీద ఆనించి, ముందు నుంచి నాలుగు పేజీలు, వెనక నుంచి నాలుగు పేజీలు చొప్పున వేలితో ఒత్తుకుంటూ మధ్యకు రావాలి. తర్వాత రెండు పక్కలా బట్టల క్లిప్పులు. కొనేటప్పుడు పీఠం కింది పెదవి కనీసం రెండు వేళ్ల ఎత్తు ఉందో లేదో చూడండి, చెక్కుడు పనిలో దాన్ని సన్నం చేసిన అలంకార పీఠాలు దండగ.

స్కాన్ చేసిన పాత పత్రికల పేజీలకు 10 అంగుళాల ట్యాబ్ బాగుంటుంది, పేజీ మొత్తం ఒక్కసారి కనిపిస్తుంది. ఫోనులో ప్రతి పేరానూ జరపాలి, సూదులు కింద పెట్టాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం వెబ్‌సైటులో ఇలాంటి స్కాన్లు ఎన్నో ఉన్నాయి. కథ చిన్నది కావడం ఇక్కడ లాభం, పోపు వేయడానికి లేచేలోపు ఒకటి అయిపోతుంది. రిబ్ పట్టీ అల్లేటప్పుడు మాత్రం చదవడం మానేసి వినండి, దాసుభాషితం లాంటి యాప్‌లలో తెలుగు శ్రవణ పుస్తకాలున్నాయి. రెండు నిట్, రెండు పర్ల్ మధ్య కళ్లు పుస్తకంలోకి పోతే లెక్క తప్పడం ఖాయం. ఉత్త నిట్ చుట్లు చదువుకు వదిలేయొచ్చు, వారం తిరిగేసరికి వేళ్లే చూసుకుంటాయి.

ఉలవల గిన్నె

చలి వారం వంటకు ఉలవచారును మించింది లేదు, ఎందుకంటే అది అల్లికకు తగ్గ వంట. గంటల తరబడి మరగాలి, కానీ పక్కనే నిలబడక్కర్లేదు. సకినాలూ అరిసెలూ ఈ వారంలో పెట్టుకోకండి, వాటికి రెండు చేతులూ కావాలి, నూనె చేతులతో ఊలు ముట్టుకుంటే మరక వదలదు.

గిన్నెల్లో మూడు పొరల స్టీలు గిన్నెకే మా ఓటు. అడుగు ఒకేలా వేడెక్కుతుంది, చింతపండు పులుసు దాన్ని ఏమీ చేయదు. పల్చటి అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహం దిగి రుచి మారుతుంది, అడుగూ అంటుతుంది. మట్టికుండలో రుచి నిజంగానే వేరు, అయితే ఇండక్షన్ మీద పనిచేయదు. గ్యాసు మీద మంట ఒక్కసారిగా పెంచితే నెర్రె ఇస్తుంది. కొత్త కుండైతే ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, గంజి కాచి, అప్పుడు వాడాలి.

200 గ్రాముల ఉలవలు రాయి ఏరి, రాత్రంతా నానబెట్టండి. మూడు లీటర్ల కుక్కరులో లీటరు నీళ్లతో వేసి, విజిల్ వచ్చాక సన్న సెగ మీద 30 నిమిషాలు. పప్పుధాన్యాలకు కుక్కరు సగానికి మించి నింపకూడదు, నురగ లేచి ఆవిరి కన్నానికి అడ్డం పడుతుంది. కట్టు వంచుకుని, అదే ఉలవల్లో అరలీటరు వేడినీళ్లు పోసి మరో పది నిమిషాలు ఉడికించి రెండో కట్టు కూడా తీయండి. రంగు మొదటి కట్టులో, చిక్కదనం రెండోదాంట్లో. ఉడికిన ఉలవలు రెండు గుప్పెళ్లు మెత్తగా రుబ్బి కట్టులో కలపండి. ఇది మానేస్తే ఎంత మరిగినా పల్చగానే ఉంటుంది. నిమ్మకాయంత చింతపండు రసం, చీల్చిన పచ్చిమిర్చి, పసుపు, కారం వేసి సన్న సెగ మీద సగానికి రావాలి, ముప్పావు గంట పడుతుంది. ఉప్పు ఆఖర్న. ముందే వేస్తే సగానికి మరిగేసరికి రెండింతల ఉప్పన.

అడుగంటకుండా ఐదు నిమిషాలకొకసారి కలపాలి. 104 కుట్ల చుట్టు ఒకటి కొత్త చేతికి దాదాపు ఐదు నిమిషాలు. చుట్టు పూర్తవగానే సూదులు బల్ల మీద పెట్టి, లేచి, ఒకసారి కలిపి రండి. చారు దిగేసరికి టోపీ తొమ్మిది చుట్లు, మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. లేచేటప్పుడు చుట్టు మధ్యలో ఆపకండి, సూది కొస నుంచి జారేది అప్పుడే. వంటింట్లోకి ఊలు సంచీ తీసుకెళ్లకండి, నిప్పు తగిలితే అక్రిలిక్ కరుగుతుందని పైన చెప్పిందే.

పోపుకు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు. వడ్డించేటప్పుడు వేడి అన్నంలో చారు, పైన వెన్న లేదా మీగడ. మర్నాటికి ఇంకా బాగుంటుంది, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది, ముద్ద కడితే వేడినీళ్లు కలిపి ఒక పొంగు రానిస్తే చాలు. మిగిలిన ఉలవలు పోపు పెడితే గుగ్గిళ్లు. వాటిని పక్కన పెట్టుకుని అల్లుదామని మాత్రం అనుకోవద్దు. తిని, శనగపిండితో చేతులు రుద్దుకుని, తడి పూర్తిగా ఆరాక సూదులు పట్టుకోండి.